ఊళ్ళో లేనివాళ్ళ ఫోటోలు

నాలుగో బజ్జీ తీసిన తర్వాత పొట్లం అడుగున సత్యదుర్గకు తన ముఖమే కనిపించింది.

కొత్తపేట బస్టాండు. సాయంత్రం నాలుగున్నర. పలివెల ఆటో నిండేదాకా తిందామని వీరాయమ్మ బండి దగ్గర కొన్న మిరపకాయ బజ్జీలవి. సత్యదుర్గ చీర చెంగుతో నూనె తుడిచి చూసింది. అనుమానం లేదు. తనే. పదేళ్ళ కిందటి తను. వెనకాల నీలం కర్టెను, భుజం మీదుగా ముందుకు వేసుకున్న జడ, కెమెరా అంటే భయంతో బిగుసుకున్న దవడ.

ఫోటో ఒక అచ్చు ఫారం మీద అంటించి ఉంది. పక్కన పేరు మేడిశెట్టి కావ్య అని రాసి ఉంది. ఊరు పలివెల. కింద ఇంగ్లీషులో గిలికిన సంతకం. సత్యదుర్గకు ఇంగ్లీషులో సంతకం చెయ్యడం రాదు. ఫారం పైమూలన నీలిరంగు అలల బొమ్మ.

తరంగ్ ఫోన్ల కంపెనీ గుర్తు అది.

"ఏమ్మా, కారం ఎక్కువైందా? మొహం అలా పెట్టేవు?" అంది వీరాయమ్మ, నూనెలోంచి కళ్ళెత్తకుండానే.

"ఈ కాగితాలు ఎక్కడివి పిన్నిగారూ?"

"పాత పేపర్లవాడు తెస్తాడమ్మా. పోయినేడు పదో తరగతి జవాబు పేపర్లొచ్చేయి, ఇప్పుడీ ఫోన్ల ఫారాలొచ్చేయి. దళసరి కాగితం, నూనె తొందరగా పీల్చదు. పొద్దున్న ఒకాయన పొట్లంలో వాళ్ళ వియ్యపురాలి బొమ్మ చూసి, బజ్జీ గొంతుకడ్డం పడి చచ్చేంత పనయ్యింది."

"మిగతావి ఓసారి చూడనిస్తారా?"

"చూసుకో. చింపకు, రేపటిక్కావాలి."

బండి కింద మేకుకు గుచ్చి ఉన్న కట్టను సత్యదుర్గ నిలబడే తిరగేసింది. పదిహేడో కాగితం మీద మళ్ళీ తనే. పేరు నక్కా రత్నం. ఇరవై ఆరో దాని మీద కూడా తనే. ఈసారి పేరు గుబ్బల ఆదిలక్ష్మి. అదే జడ, అదే దవడ. మూడు పేర్లు, మూడు సంతకాలు, మూడు ఫోను నంబర్లు. ఆ రెండు కాగితాలూ వీరాయమ్మనడిగి తీసుకుంది.

ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. ఆమెకు వినిపించలేదు.

తరంగ్ పేరు ఇప్పుడు ఎవరూ తలవడం లేదు గాని, ఆరేళ్ళ కిందట ఆ కంపెనీ కోనసీమను కమ్మేసింది. రెండువేల మూడులో అమలాపురం గడియార స్తంభం నుంచి రాజోలు దాకా ఏ గోడ మీద చూసినా నీలం అలలే. దేశమంతా మాదే అన్నారు. కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా ఒకటే గంట అన్నారు. కొబ్బరితోటల మధ్య చెట్లకు రెండింతల ఎత్తున టవర్లు లేచాయి. కాయల దింపు తీసేవాళ్ళు చెట్టు మీదనుంచే ఫోన్లు మాట్లాడారు. చేపల గంప కింద పెట్టకుండానే బేరాలు కుదిరాయి. దేశంలో కోటి మంది మావాళ్ళేనని కంపెనీ పేపర్లో పేజీ నిండా వేయించుకుంది.

తర్వాత ఎక్కడో పైన ఏదో పుచ్చింది. ఎవరో కొంటారన్నారు, కొనలేదు. గంట మధ్యలో ఆగిపోవడం మొదలైంది. మాట వినపడక జనం డాబాలెక్కారు, ఏటిగట్టు మీదికెళ్ళి ఫోను పైకెత్తి పట్టుకుని నిలబడ్డారు. పోయినేడు సెప్టెంబరులో ఒక మంగళవారం పొద్దున్న అన్ని ఫోన్లూ ఒకేసారి మూగబోయాయి. అంతే. టవర్ల ఇనుము లారీలకెక్కింది. షోరూములో ఇప్పుడు పురుగుమందులు అమ్ముతున్నారు. కోటి మంది కోటి నంబర్లు మరచిపోయి వేరే నంబర్లు నేర్చుకున్నారు.

ఆ కంపెనీ ఫారం మీద తన బొమ్మ ఎందుకుంది? సత్యదుర్గ ఒక్కసారి కూడా తరంగ్ సిమ్ కొనలేదు. ఆ కంపెనీ వచ్చి పోయిన కాలమంతా ఆమె కువైట్లో ఒకరింట్లో వంట చేస్తూ ఉంది. మధ్యలో రెండుసార్లు వచ్చి నెలేసి రోజులుండి వెళ్ళింది, అంతే.

అప్పుడే ఇంకొకటి తోచింది. తోచాక మిగిలిన బజ్జీ తినాలనిపించలేదు.

నాలుగు నెలలుగా ఆమె పాస్‌పోర్టు ఎంక్వైరీ అమలాపురంలో పోలీసుల దగ్గర ఆగిపోయి ఉంది. కారణం ఎవరూ చెప్పరు. ఇవాళ కూడా వెళ్ళి, అధికారి లేడని విని, ఉత్త చేతులతోనే తిరిగొచ్చింది.

ఫిబ్రవరిలో తల్లి కంటి ఆపరేషన్ కోసం వచ్చింది సత్యదుర్గ. పాస్‌పోర్టు గడువు ముగిసిపోతోంది, అక్కడే ఎంబసీలో మార్పించుకోమని భర్త అప్పన్న నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. ఇంటికి వెళ్తున్నానుగా, నెలలో అయిపోతుందని ఆమే వినలేదు. అప్పన్న కూడా కువైట్లోనే డ్రైవరు. ఎనిమిదేళ్ళు ఆమె ఒక ఇంట్లో, అతను వేరే ఊళ్ళో. ఇంటి యజమానురాలు మేడమ్‌ను బతిమాలి బతిమాలి రెండేళ్ళ కిందట అతన్నీ అదే ఇంటి కారు మీదకు తెచ్చుకుంది. మేడ మీద ఇద్దరికీ ఒక గది. పెళ్ళయిన పన్నెండేళ్ళకు మొదటిసారి ఇద్దరూ ఒకే పొయ్యి మీద టీ కాచుకున్నారు. కువైట్ బయట ఆరు నెలలు దాటితే అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, రద్దవుతుంది. మేడమ్ వేరే మనిషిని పెట్టుకుంటుంది. ఆగస్టు పదికి ఆరు నెలలు నిండుతాయి. ఇది జూలై మూడోవారం.

మర్నాడు మొదటి బస్సుకే సత్యదుర్గ అమలాపురం వెళ్ళింది.

ఎంక్వైరీలు చూసే ఏ.ఎస్.ఐ. అబ్రహాము సన్నగా, వంగిపోయి ఉంటాడు. డిసెంబరులో రిటైరవుతున్నాడు. గొంతు ఎప్పుడూ పెంచడు, పెంచే ఓపిక లేదన్నట్టు ఉంటాడు. ఆమె బల్ల మీద పరిచిన మూడు కాగితాలను చాలాసేపు చూశాడు. తర్వాత బీరువా తెరిచి ఒక ఫైలు తీసి, అందులోంచి ఒక ఫ్యాక్సు కాపీని వాటి పక్కన పెట్టాడు. మసి పూసినట్టున్నా గుర్తుపట్టొచ్చు. మేడిశెట్టి కావ్య. అదే జడ.

"మూడు నెలల్నించీ మిమ్మల్నడగాలనుకుంటున్నది మీరే తెచ్చేరమ్మా" అన్నాడు.

"అడగొచ్చు గదండీ!"

"అడిగితే కాదంటారు. కాదన్నాక ఏం చెయ్యాలో నాకు తెలీదు. అందుకని అడగలేదు."

సత్యదుర్గకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి. "ఎవరండీ ఈ కావ్య?"

"అదే నేనూ వెతికేను. రెండువేల ఆరులో రాజమండ్రిలో ఒక డాక్టరుగారికి ఈ నంబర్నించి పదకొండుసార్లు ఫోనొచ్చింది. పిల్లాణ్ణి ఎత్తుకుపోతామని. పాపం, ఆయన కుటుంబాన్ని తీసుకుని ఊరే వదిలేసేరు. మేం కంపెనీనడిగితే ఈ కాగితం పంపేరు. పలివెలంతా తిరిగేను. మేడిశెట్టివాళ్ళు ఏడిళ్ళున్నారు. కావ్య అన్న పిల్ల ఒకత్తే ఉంది, దానికప్పుడు నాలుగేళ్ళు. నన్ను చూసి బిస్కెట్టు అడిగింది."

"మరి నేనని..."

"మీ పాత పాస్‌పోర్టు జిరాక్సు నా బల్ల మీదికొచ్చింది. మూడేళ్ళు జేబులో పెట్టుకు తిరిగిన మొహం, గుర్తుపట్టనా?"

"ఫారం మీద తారీఖు చూడండి. రెండువేల నాలుగు సెప్టెంబరు. అప్పుడు నేనిక్కడ లేనండి. పాస్‌పోర్టులో ముద్రలున్నాయి."

"ఆయ్, చూసేను. మీరు సంతకం పెట్టలేదని నాకు తెలుసు. ఫోటో మీరివ్వలేదని మాత్రం తెలీదు. ఎవరికిచ్చేరు? ఆ ఒక్క ముక్కే కావాలి. కంపెనీకి రాస్తే, ఈ చిరునామాలో లేరని కవరు తిరిగొచ్చింది. కోటి మందికి ఫోన్లిచ్చిన కంపెనీ, కొట్టడానికి ఒక్క తలుపు మిగల్చలేదు." అతను కళ్ళజోడు తీసి ముక్కు నొక్కుకున్నాడు. "ఆ పేరు లేకుండా నేను అంతా బాగుందని రాసేననుకోండి. రేపెవరో ఆ ఫైలు తిరగేస్తే నా పెన్షన్ ఆగుతుంది. శుక్రవారం నా రిపోర్టు వెళ్ళాలి. ఏదో ఒకటి రాసి పంపేస్తాను, ఇంకా ఆపలేను."

అది మంగళవారం.

బుధవారం ఆమె బంగారరాజు స్టూడియో మెట్లెక్కింది. పదేళ్ళ కిందట కువైట్ వెళ్ళేముందు ఫోటో తీయించుకున్నది అక్కడే. బంగారరాజు ఫారాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

"కర్టెను నాదే. మా ఆవిడ పెళ్ళి చీర అది, ఇప్పటికీ తిడుతుంది. కానీ ఈ బొమ్మ నా చేతిది కాదమ్మా. భూతద్దంలో చూడు, అన్నీ చుక్కలు. ఎవడో నా ఫోటోని కంప్యూటరు మీద పెట్టి ప్రింటు లాగేడు."

"నెగటివ్ మీ దగ్గరే ఉండాలి గదండీ?"

"ఉండేది. ఎనభై ఆరు వరదలో ఒకసారి, మొన్న రెండువేల ఆరు వరదలో ఇంకోసారి నా నెగటివులన్నీ గోదారి చూసుకుంది. అయినా ఇది రెండువేల నాలుగుది గదా? నెగటివ్ చేతిలో ఉన్నవాడు ఫోటోకి ఫోటో ఎందుకు తీస్తాడు? నీ ఫోటో కాపీ ఉన్నవాడెవడో చేసిన పనిది. ఎవరికిచ్చేవో ఆలోచించుకో."

ఆలోచిస్తూనే ఇల్లు చేరింది. అరుగు మీద తల్లి బంగారమ్మ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కొబ్బరి ఈనెలు చీరుతోంది.

"అమ్మా, నేను మొదటిసారి వెళ్ళేటప్పుడు ఎన్ని ఫోటోలు తీయించేనో గుర్తుందా?"

"ఎనిమిది. ఎందుకే? సినిమాల్లో వేషమిస్తామన్నారా?"

"చెప్పవే."

"ఆరు ఆ ఏజెంటు మింగేడు. రెండు కుమారస్వామికిచ్చేవు. రేషన్ కార్డులో నీ పేరు తీసెయ్యకుండా చూస్తానన్నాడు గదా, దానికి ఫోటో కావాలన్నాడు. పేరూ ఉంచలేదు, ఫోటో కూడా తిరిగివ్వలేదు, పెద్దమనిషి."

సత్యదుర్గ అరుగు మీద తల్లి పక్కన కూర్చుంది.

కుమారస్వామి బాబాయి. పలివెల సెంటర్లో ఎస్టీడీ బూత్ పెట్టుకున్న మనిషి. తొంభైల్లో గల్ఫ్ నుంచి ఊరికి వచ్చే ప్రతి మాటా అతని చెవి పక్కనుంచే వచ్చేది. కువైట్లో శుక్రవారం సెలవు. ప్రతి శుక్రవారం పదింటికి ఆమె ఫోను చేసేది. కుమారస్వామి బూత్ వదిలేసి ఎండలో పరుగెత్తుకుంటూ వెళ్ళి తల్లిని పిలుచుకొచ్చేవాడు. ఒక్క వారం కూడా తప్పలేదు. మొదటి ఏడాది ఆమె ఏడ్చినప్పుడు తల్లి చేతిలోంచి రిసీవరు లాక్కుని, "ఇక్కడ వానలు పడుతున్నాయమ్మా, పంటలు బాగున్నాయి" అని ఏవేవో చెప్పి నవ్వించేవాడు. తరంగ్ వచ్చాక డీలరుషిప్ అతనికే వచ్చింది. కంపెనీ మూతపడ్డాక కొట్లో ఫోను అన్న వస్తువే పెట్టలేదు. కొబ్బరి తాళ్ళు, చీపుర్లు అమ్ముకుంటున్నాడు.

గురువారం పొద్దున్నంతా ఆమె బయటికి వెళ్ళలేదు. ఆ మనిషి పేరు పోలీసులకు చెప్పడమా? ఎండలో పరుగెత్తుకొచ్చిన ఆ కాళ్ళు గుర్తుకొచ్చాయి. మేడ మీద గదీ గుర్తుకొచ్చింది. మధ్యాహ్నం అప్పన్న ఫోను చేశాడు.

"మేడమ్ ఎవరో శ్రీలంక మనిషితో ఫోన్లో మాట్లాడుతోంది. వంట వచ్చా అని అడుగుతోంది."

"నువ్వేమన్నావు?"

"నేనేమంటాను? కారు తుడుస్తున్నాను. వస్తావా, రావా, అది చెప్పు ముందు."

"వస్తాను" అంది సత్యదుర్గ. ఫోను పెట్టేసి అబ్రహాముకు చేసింది. పేరు చెప్పలేదు. రేపు పొద్దున్న తొమ్మిదింటికి పలివెల సెంటర్‌కు రమ్మని మాత్రం అంది.

మర్నాడు అబ్రహాము మోపెడ్ మీద వచ్చాడు. యూనిఫారం వేసుకోలేదు. కొట్టు ముందు తాళ్ళ చుట్టలు దొర్లిస్తున్న కుమారస్వామి ఇద్దర్నీ చూసి ఆగాడు. అరవై దాటిన మనిషి. మెడ కింద చర్మం వేలాడుతోంది. "ఏమ్మా దుర్గా, ఇంకా వెళ్ళలేదా? ఈపాటికి అక్కడుంటావనుకున్నాను" అన్నాడు.

"వెళ్ళనివ్వట్లేదు బాబాయిగారూ" అంటూ ఆమె మూడు కాగితాలనూ బల్ల మీద పెట్టింది. గొంతులో కోపం తెచ్చుకుందామనుకుంది, రాలేదు. "వీటి మీద నా ఫోటో ఉంది. ఎవరు పెట్టేరో చెప్పకపోతే నా పాస్‌పోర్టు రాదు. ఈయన ఇవాళ రిపోర్టు రాసేస్తారు. నేను మీ పేరు చెప్పలేదండి. మీరే చెప్తారని వచ్చేను."

కుమారస్వామి కాగితాలను ముట్టుకోలేదు. అబ్రహాము వైపు చూశాడు. అబ్రహాము తాళ్ళ చుట్ట మీద కూర్చుని పెన్ను మూత తీశాడు.

"తొందరేం లేదండి" అన్నాడు. "నాకూ తొందర పడే వయసు కాదు."

కుమారస్వామి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఆయ్, నేనేనండి. ఎవరూ చెప్పక్కర్లేదు. నేనే పెట్టేను.

మొదట మీ అమ్మ ఫారం మీదే పెట్టేను దుర్గా. రెండువేల మూడులో ఆవిడికి ఫోనిచ్చేను గదా. ఫారానికి ఫోటో కావాలి. ఆవిడికి ఫోటో లేదు. తీయించుకోమంటే, ఫోటో గోడకెక్కేటప్పుడు తీస్తార్లే, ఇప్పుడే వద్దంది. ఫోటో లేకపోతే పది రోజుల్లో ఫోను కట్ చేసేస్తారు. నువ్వేమో శుక్రవారం చేస్తావు. నా సొరుగులో నీవి రెండున్నాయి. కన్నకూతురి బొమ్మే గదా అని అంటించేను. ఎవరూ అడగలేదు.

తర్వాత అందరిదీ అదే గొడవ. మొగుళ్ళు దుబాయిలోనో మస్కట్లోనో ఉంటారు, ఇక్కడ పెళ్ళానికి ఫోను కావాలి. ఫోటో ఇవ్వమ్మా అంటే మరిది కొట్టడానికొస్తాడు. మా ఇంటి ఆడదాని బొమ్మ నీ కొట్లో ఎందుకురా అంటాడు. న్యాయమే గదండీ. అందుకని ఊళ్ళో లేనివాళ్ళవి పెట్టేను. కువైట్ వెళ్ళిన ఆడపిల్లలు కార్డుకనీ పింఛనుకనీ నా దగ్గర వదిలి వెళ్ళిన ఫోటోలు పద్నాలుగుమందివి ఉన్నాయి. అమలాపురం పట్టుకెళ్ళి, ఇంటర్నెట్ సెంటర్లో ఒక్కోటీ ముప్పైయేసి ప్రింట్లు తీయించేను. వీళ్ళెవరూ ఇక్కడ లేరు, అడిగేవాళ్ళు రారు, సముద్రం అవతలున్నవాళ్ళకి ఏం నష్టం అనుకున్నాను. తిరిగొస్తారన్నది తట్టలేదమ్మా. అంతమందిని అక్కణ్ణించి ఇంటివాళ్ళతో మాట్లాడించిన నాకు, మీరు తిరిగొస్తారన్న ఒక్క సంగతే తట్టలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఈ కావ్యది వేరు. దీనికి మనిషే లేదండి. ఆ నెల కంపెనీ మూడొందల కనెక్షన్లు చెయ్యమంది. పదకొండు తక్కువయ్యేయి. విజయవాడ నుంచి వాళ్ళ మనిషి వచ్చి నా నెత్తిన కూర్చున్నాడు. ఏదో ఒక పేరు రాయండి, అందరూ రాస్తున్నారు, పైనున్నవాళ్ళకీ తెలుసన్నాడు. ఓటర్ల జాబితాలో ఇంటిపేరు చూసి నేనే రాసేను. సంతకం ఎడం చేత్తో పెట్టేను. ఆ పదకొండు సిమ్ములూ అతనే జేబులో వేసుకుపోయేడు. ఎవరికిచ్చేడో నాకు తెలీదు. డాక్టరుగారి సంగతి, మీరు అప్పట్లో ఊళ్ళో తిరుగుతుంటే విన్నానండి. ఇంట్లో తలుపేసుకు కూర్చున్నాను. నాలుగేళ్ళ పిల్లని అడుగుతున్నారని మా ఆవిడ నవ్వుతూ చెప్పింది. నాకు అన్నం దిగలేదు. అయినా బయటికి రాలేదు.

కోటి మంది అని పేపర్లో వేసినప్పుడు ఈ కొట్లోనే కేకు కోసేరు. అందులో ఎంతమంది ఇలాంటివాళ్ళో అని అప్పుడే అనుకున్నాను. అనుకుని కేకు తిన్నాను. కంపెనీ పోయేక ఫారాలు తీసుకెళ్ళడానికెవరూ రాలేదు. కాల్చేద్దామని పెరట్లో వేసేను. వర్షాకాలం, తడిసేయి, అంటుకోలేదు. పాత పేపర్లవాడికి నేనే వేసేను.

ఫోటోలు ఈ అమ్మాయి కార్డు కోసం నమ్మి ఇచ్చింది. ఇంకెందుక్కూడా ఇవ్వలేదు. పెట్టింది నేను, పేరు రాసింది నేను, సంతకం నాది. అలాగే రాసుకోండి అబ్రహాముగారూ, నేను ఇక్కడే ఉంటాను. మిగతా పదమూడుమంది పేర్లు కూడా చెప్తాను, వాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు వస్తారు గదా. ముందు ఈ పిల్లది పంపేయండి. ఇవాళ శుక్రవారం."